పంటకు పెట్టుబడి రాయితీ, భూమికి పునరుద్ధరణ సహాయం: వర్ధన్నపేట ప్రాంతానికి వర్తించిన నిబంధనలు, అనుభవాలు

వర్ధన్నపేట: వరదలు, వడగళ్ల వానల వంటి ప్రకృతి వైపరీత్యాలు సంభవించినప్పుడు రైతుకు రెండు విధాలుగా నష్టం వాటిల్లుతుంది. చేతికందవలసిన పంట పోవడం మొదటిది. ఆ పంటను పండించే భూమి ఇసుక మేటలతో పూడిపోవడం, కోతకు గురికావడం రెండవది. ఈ రెండింటికీ విపత్తు సహాయ నిబంధనలలో వేర్వేరు పద్దులు, వేర్వేరు అర్హతలు, వేర్వేరు రేట్లు నిర్దేశించబడినవి. పంట నష్టానికి చెల్లించే పెట్టుబడి రాయితీ గురించి గ్రామ గ్రామాన అవగాహన ఉన్నప్పటికీ, భూమి పునరుద్ధరణకు ఉద్దేశించిన సహాయం గురించి రైతాంగంలో అంతగా ప్రచారం లేదు. పంట నష్టం ఒక సీజనుకు పరిమితమైనది కాగా, మేట తొలగించని భూమి వరుస సీజన్లు బీడుగా మిగిలిపోయే ప్రమాదమున్నది. ఈ దృష్ట్యా పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారుల ఉపయోగార్థం రెండు పద్దుల వివరాలు ఇక్కడ పొందుపరచబడినవి.

ప్రాంత నేపథ్యం

వరంగల్–ఖమ్మం జాతీయ రహదారిపై ఉన్న వర్ధన్నపేట మండల కేంద్రం 2018లో పురపాలక సంఘంగా ఏర్పడింది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉన్న ఈ మండలం 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో వరంగల్ రూరల్ జిల్లాలో చేరింది. 2021లో ఆ జిల్లాకు వరంగల్ జిల్లాగా పేరు మారింది. అంతకుముందు వర్ధన్నపేట మండలంలో భాగంగా ఉన్న అయినవోలు 2016లో ప్రత్యేక మండలమైంది. కాబట్టి 2016కు ముందరి మండల గణాంకాలను తరువాతి గణాంకాలతో నేరుగా పోల్చడం సరికాదు.

వరి, పత్తి, మొక్కజొన్న, మిర్చి ఈ ప్రాంతంలోని ముఖ్యమైన పంటలు. చెరువులు, బావులు, బోర్ల కింద వరి సాగవుతుండగా, చెలక భూములలో పత్తి, మొక్కజొన్న ఎక్కువగా వర్షాధారంగా పండుతాయి. వర్ధన్నపేట సమీపం నుంచి ప్రవహించే ఆకేరు వాగు దిగువన మహబూబాబాద్ జిల్లా గుండా సాగి, ఖమ్మం జిల్లాలో మున్నేరులో కలుస్తుంది. ఏడాదిలో అధిక కాలం పలుచగా పారే ఈ వాగు భారీ వర్షాలు కురిసినప్పుడు ఒడ్డు దాటి పొలాల్లోకి ప్రవేశిస్తుంది. చెరువు కట్టలకు గండ్లు పడినప్పుడు కూడా దిగువ భూములలో ఇసుక, రాళ్లు మేట వేస్తాయి.

చెరువు పూడిక మట్టికి, వరద ఇసుకకు గల భేదాన్ని ఈ సందర్భంలో గుర్తించవలసి ఉన్నది. 2015 మార్చిలో ప్రారంభమైన మిషన్ కాకతీయ కార్యక్రమంలో చెరువుల నుంచి తీసిన పూడిక మట్టిని రైతులే తమ ఖర్చుతో పొలాలకు తరలించుకున్నారు. ఆ మట్టి భూసారాన్ని, తేమను నిలుపుకునే శక్తిని పెంచుతుంది. వాగు తెచ్చిపెట్టే ముతక ఇసుక ఇందుకు విరుద్ధమైనది. దానిలో నీరు నిలువదు, వేసిన ఎరువు నిలువదు. ఒకే మడిలో ఒక చోట ఒండ్రు, మరొక చోట ఇసుక పడటం కూడా సాధారణమే.

నిధుల స్వరూపం

తొమ్మిదవ ఆర్థిక సంఘం సిఫారసుల మేరకు 1990లో రాష్ట్రాలలో విపత్తు సహాయ నిధి ఏర్పాటైంది. విపత్తు నిర్వహణ చట్టం, 2005 అమలులోకి వచ్చిన పిదప, పదమూడవ ఆర్థిక సంఘం సిఫారసు మేరకు 2010 నుంచి దాని స్థానంలో రాష్ట్ర విపత్తు స్పందన నిధి వచ్చింది. సాధారణ రాష్ట్రాలలో ఈ నిధికి కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం సమకూర్చే పద్ధతి ఏర్పడింది. తీవ్రమైన విపత్తుల విషయంలో రాష్ట్ర నిధి చాలని పక్షంలో జాతీయ విపత్తు స్పందన నిధి నుంచి అదనపు సహాయానికి అవకాశం కల్పించబడింది.

ఈ నిధి నుంచి ఏ అంశానికి ఎంత చెల్లించవచ్చునో కేంద్ర హోం మంత్రిత్వ శాఖ కాలానుగుణంగా నిర్దేశిస్తుంది. తుపాను, కరవు, భూకంపం, అగ్ని ప్రమాదం, వరద, సునామీ, వడగళ్ల వాన, కొండచరియలు విరిగిపడటం, హిమపాతం, కుంభవృష్టి, తెగుళ్ల దాడి, శీతల గాలులు అనే 12 వైపరీత్యాలు ఈ నిబంధనల పరిధిలో గుర్తింపు పొందాయి. అకాల వర్షం అనే మాట ఈ జాబితాలో ప్రత్యేకంగా లేదు. అందువల్ల యాసంగి పంటకు నష్టం జరిగినప్పుడు అది వడగళ్ల వల్లనా, వరద వల్లనా అన్న విషయం నివేదికలో స్పష్టంగా నమోదు కావడం అవసరం. స్థానికంగా విపత్తులుగా ప్రకటించిన ఇతర అంశాలకు రాష్ట్రాలు నిధిలో 10 శాతం వరకు వినియోగించుకునే వెసులుబాటు కల్పించబడింది.

పంట నష్టం: పెట్టుబడి రాయితీ

పంట 50 శాతం, అంతకు మించి దెబ్బతింటేనే రాయితీకి అర్హత అనే నిబంధన 2015 వరకు అమలులో ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్‌లో కేంద్రం ఈ పరిమితిని 33 శాతానికి తగ్గించింది. 2015 నిబంధనలలో హెక్టారుకు వర్షాధార పంటలకు రూ.6,800, నీటి వసతి గల పంటలకు రూ.13,500, బహువార్షిక పంటలకు రూ.18,000 చొప్పున రేట్లు ఖరారయ్యాయి. 2022–23 నుంచి 2025–26 వరకు వర్తించేలా సవరించిన నిబంధనలలో ఇవి వరుసగా రూ.8,500, రూ.17,000, రూ.22,500కు పెరిగాయి. ఒక్కొక్క రైతుకు 2 హెక్టార్లు, అంటే సుమారు 5 ఎకరాల వరకు మాత్రమే రాయితీ వర్తించింది. రెండు హెక్టార్లకు మించి భూమి గల రైతులు సైతం ఇదే పరిమితికి లోబడి అర్హులైనారు. విత్తిన విస్తీర్ణానికే రాయితీ చెల్లించవలసి ఉన్నందున, బీడుగా వదిలిన భాగం లెక్కలోకి రాదు.

ఎకరాల లెక్కన చూస్తే సవరించిన రేట్లు వర్షాధార పంటకు సుమారు రూ.3,440, నీటి వసతి గల పంటకు సుమారు రూ.6,880 అవుతాయి. పేరు సూచించినట్లే ఇది పెట్టుబడిలో కొంత భాగానికి ఇచ్చే రాయితీయే కాని, దిగుబడి నష్టానికి పరిహారం కాదు. పత్రికా కథనాలలో ఈ రెండు మాటలు కలగాపులగం కావడం వల్ల రైతులలో అపోహలకు తావు ఏర్పడుతున్నది.

భూమి నష్టం: పునరుద్ధరణ సహాయం

వ్యవసాయ భూమిలో ఇసుక లేదా ఒండ్రు 3 అంగుళాలకు మించి మేట వేసినట్లు అధీకృత అధికారి ధ్రువీకరించిన పక్షంలో, తొలగింపునకు హెక్టారుకు రూ.12,200 చొప్పున 2015 నిబంధనలు సహాయం నిర్దేశించాయి. 2022–26 కాలానికి ఈ మొత్తం రూ.18,000కు పెరిగింది. రైతుకు కనీస చెల్లింపు రూ.2,200గా నిర్ణయమైంది. నదీ గమనం మారడం వల్ల గాని, కొండచరియలు విరిగిపడటం వల్ల గాని భూమిలో అధిక భాగమే కొట్టుకుపోయిన సందర్భాలలో హెక్టారుకు 2015లో రూ.37,500, 2022–26 కాలానికి రూ.47,000 నిర్దేశితమైనవి.

ఈ పద్దుకు వర్తించిన షరతులు మూడు. మొదటిది, సహాయం 2 హెక్టార్ల లోపు భూమి గల సన్న, చిన్నకారు రైతులకే పరిమితం. పెట్టుబడి రాయితీ విషయంలో ఆరెకరాల రైతు కూడా ఐదెకరాల మేరకు అర్హుడు కాగా, మేట తొలగింపు విషయంలో ఆ రైతుకు అర్హత లేదు. రెండవది, ఇదే పనికి మరే ఇతర ప్రభుత్వ పథకం కింద సహాయం పొంది ఉండరాదు, పొందే అర్హత కూడా ఉండరాదు. మూడవది, కొట్టుకుపోయిన భూమికి సహాయం పొందాలంటే రెవెన్యూ రికార్డుల ప్రకారం యాజమాన్యం సక్రమంగా ఉండాలి.

రెండవ షరతుకు వరంగల్ జిల్లాలో ప్రత్యేక ప్రాధాన్యం ఉండేది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ఆంధ్రప్రదేశ్‌లో తొలి విడతగా 13 జిల్లాలలో అమలైంది. వాటిలో వరంగల్ ఒకటి. ఆ పథకంలో దళిత, గిరిజన, సన్న, చిన్నకారు రైతుల భూముల అభివృద్ధి పనులు చేపట్టే వీలు కల్పించారు. కాబట్టి ఒకే సర్వే నంబరులోని మేట తొలగింపునకు కూలీల పనిని, విపత్తు నిధి సహాయాన్ని కలిపి చూపించడానికి వీలు లేకపోయింది.

రేటుకు, పని పరిమాణానికి గల వ్యత్యాసం

నిబంధనలోని 3 అంగుళాల పరిమితి ఆచరణలో ఎంత పనికి సమానమో లెక్కించి చూడవచ్చు. ఒక ఎకరంలో 3 అంగుళాల మందాన ఇసుక పరుచుకుంటే దాని పరిమాణం సుమారు 308 ఘనపు మీటర్లు. ట్రాక్టరు ట్రాలీలో 3 ఘనపు మీటర్లు పడుతుందనుకుంటే సుమారు 100 ట్రిప్పులు అవసరం. హెక్టారుకు రూ.18,000 చొప్పున ఎకరాకు వచ్చే మొత్తం సుమారు రూ.7,285. అనగా ట్రిప్పుకు రూ.73 లోపే.

మేట అడుగు మందాన ఉన్నట్లయితే ట్రిప్పులు 400 దాటుతాయి. అయినప్పటికీ సహాయం అదే రూ.7,285. అప్పుడు ట్రిప్పుకు లభించేది సుమారు రూ.18 మాత్రమే. ఇసుకను ఎత్తే కూలి, డీజిలు, ట్రాక్టరు అద్దె అన్నీ ఈ మొత్తంలోనే సర్దుకోవలసి వస్తుంది. మేట మందం 3 అంగుళాలు దాటినదా లేదా అన్నదే నిబంధనకు ప్రధానం కాగా, ఎంత దాటిందన్న దానితో రేటుకు సంబంధం లేకపోవడం ఇందుకు కారణం. వాగును ఆనుకుని ఉన్న మడులలోనే మేట మందంగా పడుతుంది కాబట్టి, ఎక్కువగా నష్టపోయిన రైతుకే సహాయం తక్కువ నిష్పత్తిలో అందే పరిస్థితి ఏర్పడుతుంది.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇదే అవసరానికి అత్యవసర పరిరక్షణ కార్యక్రమం అమలులో ఉన్నది. 1978 నాటి వ్యవసాయ పరపతి చట్టం కింద ఏర్పడిన ఈ కార్యక్రమాన్ని ఆ దేశ వ్యవసాయ శాఖకు చెందిన ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ నిర్వహిస్తుంది. పొలాల్లోని శిథిలాల తొలగింపు, భూమి చదును, కంచెల పునర్నిర్మాణం వంటి పనులకు అయ్యే ఖర్చులో 75 శాతం వరకు ప్రభుత్వం భరిస్తుంది. అంటే సహాయం పని పరిమాణాన్ని అనుసరించి పెరుగుతుంది. అయితే మిగిలిన వాటాను రైతు స్వయంగా భరించవలసి ఉంటుంది. సొంత వాటా సమకూర్చుకోలేని సన్నకారు రైతులు అధికంగా గల ప్రాంతాలలో స్థిరమైన రేటుకు ఒక సౌలభ్యం ఉన్నది. బిల్లులు చూపనవసరం లేకుండా సహాయం నేరుగా ఖాతాలో జమ చేయడానికి అది వీలు కల్పిస్తుంది. రెండు పద్ధతులలోనూ పని మొదలు కాకముందే క్షేత్ర పరిశీలన జరగడం కీలకం.

ఇసుక తరలింపు: ఒక హెచ్చరిక

పొలంలో మేట వేసిన ఇసుక చిన్న తరహా ఖనిజం కిందకు వస్తుంది. రైతు తన పొలాన్ని సాగుకు అనువుగా చేసుకోవడం వేరు, ఆ ఇసుకను అమ్మకానికి తరలించడం వేరు. అమ్మకానికి తరలించాలంటే గనుల శాఖ అనుమతి తప్పనిసరి. ఇసుక తవ్వకం, రవాణాపై నియంత్రణకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అనగా వాల్టా చట్టం కూడా వర్తిస్తుంది. అనుమతుల విషయం తేలేవరకు మేట పొలంలోనే ఉండిపోతే రైతు మరొక సీజను కోల్పోతాడు. మేట తొలగింపు పేరిట వాగులో తవ్వకాలు జరిగితే ఒడ్డు బలహీనపడి, తదుపరి వరదకు అదే పొలం కోతకు గురవుతుంది. ఈ రెండు ప్రమాదాలనూ నివారించడానికి రెవెన్యూ, వ్యవసాయ, గనుల శాఖల సమన్వయం అవసరం.

2023 నుంచి 2025 వరకు అనుభవాలు

2023 మార్చి మూడవ వారంలో కురిసిన వడగళ్ల వానలకు ఉమ్మడి వరంగల్ జిల్లాలో మొక్కజొన్న, మిర్చి, మామిడి తదితర పంటలు దెబ్బతిన్నాయి. మార్చి 23న అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కరీంనగర్ జిల్లాలలో పర్యటించారు. వరంగల్ జిల్లాలో దుగ్గొండి మండలం అడవి రంగాపురంలో పంటలను పరిశీలించారు. పంట ఏదైనా ఎకరాకు రూ.10,000 చొప్పున సహాయం ప్రకటించారు. ప్రాథమిక అంచనా మేరకు సుమారు 2.28 లక్షల ఎకరాలకు రూ.228 కోట్లు అవసరమని పేర్కొన్నారు. తదుపరి క్షేత్ర సర్వేలో 33 శాతానికి మించి నష్టపోయినట్లు నిర్ధారణ అయిన విస్తీర్ణం సుమారు 1.51 లక్షల ఎకరాలు. ప్రాథమిక అంచనాకు, నిర్ధారిత విస్తీర్ణానికి మధ్య ఇంతటి వ్యత్యాసం ఉండవచ్చుననే విషయాన్ని వార్తల రచనలో గమనించవలసి ఉన్నది.

ఎకరాకు రూ.10,000 అనగా హెక్టారుకు సుమారు రూ.24,710. ఇది కేంద్ర నిబంధనల రేట్ల కన్నా అధికం. నీటి వసతి గల పంట విషయంలో ఎకరాకు సుమారు రూ.6,880 మేరకు విపత్తు నిధి నిబంధనల పరిధిలోకి వస్తుండగా, మిగిలిన రూ.3,120ని రాష్ట్రం తన వనరుల నుంచి సమకూర్చుకోవలసి వస్తుంది. వర్షాధార పంట విషయంలో ఈ తేడా రూ.6,560కి చేరుతుంది.

అదే ఏడాది జూలై 27న ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల వ్యవధిలో 649.8 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదైంది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి గ్రామాన్ని మోరంచ వాగు ముంచెత్తింది. 2024 సెప్టెంబరు 1న ఆకేరు, మున్నేరు వరదలు మహబూబాబాద్, ఖమ్మం జిల్లాలను అతలాకుతలం చేశాయి. 2025 అక్టోబరు చివరలో మొంథా తుపాను ప్రభావంతో ఉమ్మడి వరంగల్ జిల్లాలో కుంభవృష్టి కురిసింది. 2024లోను, 2025లోను ముఖ్యమంత్రి ఎ.రేవంత్ రెడ్డి పంట నష్టానికి ఎకరాకు రూ.10,000 చొప్పున సహాయం ప్రకటించారు. 2023 మార్చి నాటి నష్టం ప్రధానంగా పంటకు సంబంధించినది కాగా, తరువాతి వరదలలో పంటతో పాటు భూమి కూడా దెబ్బతిన్నది. ఎకరానికి ఇంత అనే ప్రకటన పంట విస్తీర్ణాన్ని ఆధారం చేసుకున్నందున, భూమి నష్టాన్ని విడిగా నమోదు చేయని పక్షంలో అది లెక్కకు రాకుండా పోయే అవకాశమున్నది.

పంటల బీమా లేని కాలంలో ఈ సహాయానికి ప్రాధాన్యం మరింత పెరిగింది. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నుంచి తెలంగాణ 2020లో వైదొలగింది. తిరిగి చేరాలన్న నిర్ణయాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించింది. అయితే బీమా వర్తించినప్పటికీ అది పంటకే రక్షణ కల్పిస్తుంది కాని, మేట వేసిన భూమిని బాగుచేయదు.

గణన, కౌలు రైతుల సమస్య

పంట నష్టం గణనను వ్యవసాయ, రెవెన్యూ సిబ్బంది సంయుక్తంగా నిర్వహించడం ఆనవాయితీగా వచ్చింది. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దు కావడంతో గ్రామస్థాయి భారం అధికంగా వ్యవసాయ విస్తరణాధికారులపై పడింది. సుమారు 5,000 ఎకరాలకు ఒకరు చొప్పున ఉండే ఈ అధికారులు కొద్ది రోజుల వ్యవధిలో ప్రతి మడినీ పరిశీలించవలసి వచ్చింది. 2025లో గ్రామ పాలనాధికారుల నియామకంతో గ్రామస్థాయిలో రెవెన్యూ సిబ్బంది తిరిగి ఏర్పాటయ్యారు.

కౌలు రైతుల విషయం మరింత సున్నితమైనది. పంట పెట్టుబడి కౌలుదారుది, పట్టా యజమానిది. 2011లో ఆంధ్రప్రదేశ్ భూ అధీకృత సాగుదారుల చట్టం రుణార్హత కార్డుల ద్వారా కౌలుదారులకు పంట రుణాలు, పంట నష్ట సహాయం పొందే వీలు కల్పించింది. 2018లో ప్రారంభమైన రైతుబంధు పథకం పట్టాదారులకే వర్తించింది. 2023 మార్చి నాటి ప్రకటనలో మాత్రం కౌలు రైతులకు కూడా సహాయం అందాలని స్పష్టం చేశారు. రైతుబంధు జాబితాను యథాతథంగా వాడుకునే వీలు లేకపోయినందున, ఎవరు సాగు చేశారన్నది పొలం వద్దనే నిర్ధారించవలసి వచ్చింది. భూమి పునరుద్ధరణ పద్దులో పరిస్థితి దీనికి భిన్నం. భూమి యజమానిదే కాబట్టి కొట్టుకుపోయిన భూమికి సహాయం రికార్డులలోని యజమానికే చెందుతుంది. ఒకే పొలానికి పంట సహాయం కౌలుదారుకు, భూమి సహాయం పట్టాదారుకు అందవలసిన సందర్భాలు ఉంటాయి. రెండు పద్దులను ఒకే వరుసలో నమోదు చేస్తే ఇద్దరిలో ఒకరు నష్టపోవడం ఖాయం.

గమనించవలసిన అంశాలు

పై వివరాల దృష్ట్యా గణన సమయంలో ఈ క్రింది అంశాలు విడివిడిగా నమోదు కావలసి ఉన్నది:

1. నష్టానికి కారణమైన వైపరీత్యం, అది సంభవించిన తేదీ.

2. విత్తిన విస్తీర్ణం, పంట నష్టం శాతం, వర్షాధారమా లేక నీటి వసతి గల పంటా అన్న విషయం.

3. భూమిలో మేట ఉన్నట్లయితే దాని విస్తీర్ణం, మందం. మందాన్ని ఒకే చోట కాక పలుచోట్ల కొలవడం మంచిది. మేట తొలగించిన తరువాత దానిని కొలిచే వీలుండదు.

4. భూమి కోతకు గురైనదా, పూర్తిగా వాగులో కలిసిపోయినదా అన్న విషయం.

5. పట్టాదారు, వాస్తవ సాగుదారు పేర్లు వేర్వేరు కాలమ్‌లలో.

6. అదే భూమిలో ఇతర పథకం కింద చేపట్టిన పనులు.

7. అర్హుల జాబితాతో పాటు అనర్హులుగా తేలిన వారి జాబితా, అందుకు గల కారణం. రెండింటినీ గ్రామ పంచాయతీ కార్యాలయంలో ప్రదర్శించినట్లయితే అభ్యంతరాలు చెల్లింపులకు ముందే పరిష్కారమవుతాయి.

పాత్రికేయులు ఏదైనా విపత్తు అనంతరం వెలువడే సహాయ ప్రకటనను పరిశీలించేటప్పుడు ఆ మొత్తం ఎకరాకా, హెక్టారుకా, పంటకా, భూమికా, ప్రాథమిక అంచనాపైనా లేక నిర్ధారిత విస్తీర్ణంపైనా అన్న అంశాలను సరిచూసుకోవడం ఉపయుక్తం. ఆకేరు ఒడ్డున రెండెకరాల సన్నకారు రైతుకు పోయిన పంట తదుపరి సీజనులో తిరిగి చేతికి రావచ్చు. మేట కింద ఉన్న భూమి మాత్రం ఎవరో ఒకరు కొలిచి, రాసి, తొలగించే వరకు తిరిగి రాదు. గణన పుస్తకంలో భూమికి ఒక ప్రత్యేక కాలమ్ కేటాయించడం ఈ దిశగా తొలి చర్య.